దిగినవాళ్ల పేర్లేవి?

మలేసియాలో మోరిబ్ అని ఒక ఊరుంది. క్లాంగ్ నుంచి బాంటింగ్ మీదుగా దక్షిణానికి పోతే సముద్రం ఒడ్డున వస్తుంది. సెలవు రోజుల్లో జనం పిల్లాజెల్లాతో వచ్చి చెట్ల కింద చాపలు పరుచుకుంటారు. మా అమ్మాయి కాపురం క్లాంగ్‌లో కాబట్టి నేనూ పోయినాను. మేము పోయింది పోటు లేని వేళ. సముద్రం ఎక్కడో దూరాన గీత గీసినట్టుంది. ఒడ్డు నుంచి ఆ గీత దాకా బురద. కాలు పెడితే చీలమండ దాకా లాక్కునే బురద. ఆ ఒడ్డునే ఒక స్మారకం ఉంది. 1945 సెప్టెంబరు 9న మిత్రరాజ్యాల సేనలు ఇక్కడ దిగాయని చెప్పే స్మారకం.

అల్లుడు దాని సంగతి చెప్తుంటే నేను ఒకసారి తేదీ వైపు, ఒకసారి బురద వైపు చూస్తూ నిలబడిపోయినాను. యాభై ఏళ్ల కిందటి గొంతు ఒకటి చెవిలో పలికింది.

“పడవకు ముందర తలుపుంటాది నాయనా. అది తెరుచుకుంటానే దూకమన్నారు. యాడ సముద్రము, యాడ నేల? అంతా బురదే. తొడల దాకా దిగబడినాము. మూటాముల్లె నెత్తిన పెట్టుకోని, దేవుడా దేవుడా అనుకుంటా నడిచినాము.”

ఆ గొంతు మా మిలిటరీ తాతది.

మాది పులివెందుల పక్క పల్లె. సముద్రం చూడాలంటే మాకు ఒక రోజు ప్రయాణం. నా చిన్నప్పుడు మా ఊళ్లో సముద్రం చూసిన మనిషి ఆయన ఒక్కడే. రాయల చెరువు చూసి ఇదే సముద్రమనుకునే వయసు మాది. సాయంత్రమైతే రచ్చకట్ట మీద ఆయన చుట్టూ చేరేవాళ్లం. “తాతా, యుద్ధంలో ఎంతమందిని కాల్చినావు?” అని అడిగేవాళ్లం. “ఒక్కన్ని గూడా కాల్చలేదబ్బీ. మేము దిగేతలికి యుద్ధం అయిపోయిండె” అనేవాడు. మేము పడీపడీ నవ్వేవాళ్లం. యుద్ధం అయిపోయినాక తుపాకులేసుకోని దిగేవాళ్లు ఎవరన్నా ఉంటారా? తాత కోతలు కోస్తాన్నాడు అనుకునేవాళ్లం. ఊరంతా అట్లే అనుకుంది. “మిలిటరీ తాత కోతలు” అని మా ఊళ్లో ఒక మాటే పుట్టింది.

మోరిబ్ ఒడ్డున నిలబడినప్పుడు తెలిసింది, ఆయన కోసింది కోతలు కాదని. సిగ్గేసింది. ఆ తర్వాత కోపం వచ్చింది. ఆ కోపమే ఈ వ్యాసం.

ముందు ఆ రోజు అక్కడ ఏం జరిగిందో చెప్పుకోవాలి. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు మలయా ఈశాన్యపు ఒడ్డున, కోట బారులో దిగాయి. అడ్డం నిలబడింది 8వ ఇండియన్ బ్రిగేడ్. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కు మైదానంలో దాదాపు 40 వేలమంది భారతీయ సిపాయిలను బ్రిటిషు అధికారులు జపాను చేతికి అప్పజెప్పి తమ దారిన తాము పోయారు. మలయాను తిరిగి పట్టుకోవడానికి మౌంట్‌బాటెన్ నాయకత్వంలోని ఆగ్నేయాసియా కమాండ్ వేసిన పథకం పేరు ఆపరేషన్ జిప్పర్. ఓడలు నిండాయి, సైన్యాలు ఎక్కాయి. ఈలోగా 1945 ఆగస్టు 15న జపాన్ లొంగిపోయింది. అయినా పథకం ఆగలేదు. సెప్టెంబరు 9న మోరిబ్ ఒడ్డున పడవల తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా ఒక్క తూటా పేలలేదు. బండ్లు మాత్రం బురదలో కూరుకుపోయాయి. జపాను సైన్యం నిజంగా ఎదురునిలిచి ఉంటే ఆ బురదలోనే ఎంత రక్తం పారేదో అని తర్వాత రాసినవాళ్లు రాశారు. నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 13న, కౌలాలంపూర్‌లో జపాను సేనాధిపతి లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు.

అంటే మోరిబ్‌లో మనం స్మరించుకుంటున్నది ఒక యుద్ధాన్ని కాదు. ఒక పథకాన్ని. కాగితం మీద గీసుకున్న గీత ప్రకారం, అవసరం తీరిపోయాక కూడా, మనుషుల్ని బురదలోకి దించిన ఒక పథకాన్ని. నాకు దాని మీద పెద్ద పేచీ లేదు. మూడున్నరేళ్లు జపాను పాలనలో నలిగిన జనానికి ఆ దిగడం ఒక విడుదల. వాళ్లు గుర్తుపెట్టుకోవడం న్యాయం. నా పేచీ ఒక మాటతో. ‘మిత్రరాజ్యాల సేనలు’ అనే మాటతో.

ఎవరబ్బా ఈ మిత్రరాజ్యాలు? ఆ మాట వినగానే మనకు కళ్ల ముందు మెదిలేది ఎవరు? నార్మండీ ఒడ్డున దిగిన అమెరికావాడు, కెనడావాడు, తెల్లవాడు. మోరిబ్ పథకంలో ముందు వరసలో ఉన్నవి 25వ ఇండియన్ డివిజన్, 23వ ఇండియన్ డివిజన్. ఈ 25వ డివిజన్ పుట్టింది మనకు అల్లంత దూరంలోని బెంగుళూరులో, 1942 ఆగస్టులో. దక్షిణ భారతం మీదికి జపానువాడు వస్తే ఆపడానికి పెట్టిన డివిజన్ అది. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి కదా, ఆ భయం. దిగేచోట దారి వేసేవాళ్లు, ఓడల నుంచి సామాను మోసేవాళ్లు, బురదలో కూరుకుపోయిన బండ్లను తాళ్లు కట్టి లాగేవాళ్లు, గాయపడినవాళ్లను ఎత్తుకొచ్చేవాళ్లు, వీళ్లందరినీ కలిపి బీచ్ గ్రూపు అంటారు. మోరిబ్‌లో దిగిన బీచ్ గ్రూపు పేరులోనే ‘ఇండియన్’ అని ఉంది. సినిమాల్లో వీళ్లు కనిపించరు. చేతిలో తుపాకి కంటే పార ఎక్కువసేపు ఉండే సిపాయిలు వీళ్లు. ఆ పార పట్టినవాళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి పోయినవాళ్లు లెక్కకు మిక్కిలి. మా మిలిటరీ తాత చేసింది కూడా పార పనే. “కాల్చింది లేదు, తవ్వింది ఉంది” అనేవాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది. బలవంతపు భర్తీ లేకుండా అంత పెద్ద సైన్యం ప్రపంచంలో ఇంకొకటి లేదని చరిత్ర పుస్తకాలు గొప్పగా చెప్తాయి. ‘బలవంతం లేకుండా’ అనే మాటను మా సీమలో చదివితే నవ్వొస్తుంది. ధాత కరువు కథలు అవ్వల నోట వింటూ పెరిగినవాడిని, వానలు ఎగ్గొట్టిన ఏడాది మూడు పూటలా తిండి పెడతామని పిలిచి, అది బలవంతం కాదంటే ఎట్లా? ఆకలికి మించిన బలవంతం ఏముంది? “ఏంటికి పోయినావు తాతా?” అని అడిగితే “బువ్వకు” అన్నాడు ఆయన. అంతకు మించి ఒక్క మాట లేదు.

ఇప్పుడు పేర్ల సంగతికి వస్తాను. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటిషు ప్రభుత్వం భారతదేశపు పల్లెల్లో పాలరాతి పలకలు పెట్టింది. ఈ ఊరి నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, అందులో ఇంతమంది ప్రాణాలు విడిచారు, అంతే. రెండు అంకెలు. పేర్లు లేవు. బాస్రాలో పెద్ద స్మారకం కట్టారు, 40 వేలకు పైగా మనుషుల కోసం. దాని మీద బ్రిటిషు సిపాయి పేరుంది, భారతీయ అధికారి పేరుంది. మామూలు భారతీయ సిపాయి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అంకె. ఫలానా పటాలం, ఇంకా ఇంతమంది. సంతలో గొర్రెల్ని లెక్కపెట్టినట్టు. మా గొర్రెల కాపరులు కూడా తమ గొర్రెలకు పేర్లు పెట్టుకుంటారు సామీ.

ఇది నేను కోపంతో అంటున్న మాట అనుకునేరు. ఆ సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021 ఏప్రిల్‌లో తానే ఒప్పుకుంది. మొదటి యుద్ధంలో చనిపోయిన 45 వేల నుంచి 54 వేలమందిని, ముఖ్యంగా భారతీయులను, ఆఫ్రికావాళ్లను, తెల్లవాళ్లతో సమానంగా స్మరించలేదని, ఇంకా కనీసం 1,16,000 మందిని పేరుపెట్టి స్మరించలేదని, లేదా అసలు స్మరించనే లేదని తన నివేదికలో రాసి క్షమాపణ చెప్పింది. నూరేళ్లు పట్టింది ఆ ఒక్క మాట చెప్పడానికి. సరే, చెప్పినారు.

మరి మన క్షమాపణ ఎప్పుడు?

అవును, మనదే. తెల్లవాడు మన పేర్లు రాయలేదని గుండెలు బాదుకోవడం సులువు. వాడు రాసిన చోట మనం చదివామా? రెండో యుద్ధం నాటికి ఆ కమిషన్ పద్ధతి మార్చుకుంది. సింగపూర్‌లో క్రాంజి స్మారకం మీద 24 వేలకు పైగా పేర్లున్నాయి, అందులో మనవాళ్లవి వేలల్లో. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో దాదాపు 27 వేల పేర్లు. ఆ పట్టికల్లో ఫలానావాని కొడుకు, ఫలానామె మొగుడు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా అని కూడా రాసి ఉంటుంది. మన జిల్లాల పేర్లు, మన ఊళ్ల పేర్లు ఆ ఇంగ్లీషు స్పెల్లింగుల కింద నలిగి పడి ఉన్నాయి. ఎనభై ఏళ్లలో ఆ పట్టికల నుంచి తెలుగు పేర్లు ఏరి, సరిచేసి, ఏ ఊరివాళ్లను ఆ ఊరికి అప్పజెప్పిన ఒక్క విశ్వవిద్యాలయం, ఒక్క అకాడమీ, ఒక్క సాహిత్య సంస్థ నాకు కనబడలేదు. పైగా అవి చనిపోయినవాళ్ల పేర్లు మాత్రమే. మా తాతలాగా బతికి తిరిగొచ్చినవాడు ఏ గోడ మీదా లేడు.

విశాఖపట్నం బీచి రోడ్డులో 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం ఉంది. అదే రోడ్డులో విశాఖ మ్యూజియంలో 1942లో జపానువాడు వేసిన, పేలని బాంబు ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఆ రోజు పేలిన బాంబులకు పోయినవాళ్లు ఎవరు అని అడిగే పిల్లవాణ్ణి నేను చూడలేదు. అడగమని మనం నేర్పలేదు. ఇనప బాంబును దాచుకున్నంత భద్రంగా మనుషుల్ని దాచుకోలేదు.

సాహిత్య సభల్లో ఈ మాట ఎత్తితే వెంటనే వచ్చే అడ్డు ప్రశ్న ఒకటుంది. “వాళ్లు తెల్లదొర జీతానికి పోయిన కిరాయి సిపాయిలు కదండీ. సామ్రాజ్యవాదం కోసం పోరాడినవాళ్లకు స్మారకాలా?” ఈ ప్రశ్న వేసేవాళ్లు చాలామంది నాకు ఆప్తులే. వాళ్లకు నా జవాబు ఇది. అదే ప్రభుత్వం కింద గుమాస్తా పని చేసినవాణ్ణి, మునసబు పని చేసినవాణ్ణి, రైల్వేలో టికెట్లు ఇచ్చినవాణ్ణి మీరెప్పుడూ కిరాయి మనిషి అనలేదే? కాగితం మోసినవాడు ఉద్యోగస్తుడు, పార మోసినవాడు కిరాయివాడా? చదువుకున్నవాడి బువ్వ బువ్వ, చదువులేనివాడి బువ్వ ద్రోహమా? ఈ లెక్కలో కులం ఎంత ఉందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇంకో మాట. మన సిపాయి ఒక్క పక్కనే లేడు. ఫారర్ పార్కులో అప్పజెప్పబడినవాళ్లలో వేలమంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. చేరనివాళ్లు చెరల్లో మగ్గారు. 1945 జులై 8న సుభాష్ చంద్ర బోసు సింగపూర్ సముద్రపు ఒడ్డున, ఎస్ప్లనేడ్‌లో, ఫౌజు వీరుల స్మారకానికి పునాదిరాయి వేశాడు. రెండు నెలలు తిరగకముందే మౌంట్‌బాటెన్ సేనలు సింగపూర్ చేరాయి, దాన్ని పేల్చేశాయి. మందుపాతర పెట్టిన చేతులు ఎవరివనుకున్నారు? భారతీయ సిపాయిలవే. కట్టింది మనవాళ్లే, కూల్చింది మనవాళ్లే. ఆ స్మారకం ఎవరికి అంకితమో తెలుసా? పేరు తెలియని వీరుడికి. అంటే మన సొంత ఫౌజు కూడా రాతి మీద పేర్లు రాయలేదు. 1995లో ఆ చోట సింగపూర్ ప్రభుత్వం ఒక ఫలకం పెట్టింది. ఆ మాత్రం పని పరాయి దేశం చేసింది.

ఒకే సముద్రం ఒడ్డున, ఒకే సెప్టెంబరు నెలలో, ఒక పక్క మోరిబ్‌లో మన మనిషి బురదలోకి దిగాడు, ఇంకో పక్క సింగపూర్‌లో మన మనిషి కట్టుకున్న రాయి కూలింది. ఏ వైపు నిలబడ్డా పేరు మాత్రం దక్కలేదు. కిరాయి అని ఒకరిని, ద్రోహి అని ఒకరిని, వీరుడని ఒకరిని ముద్ర వేసేముందు వాళ్లెవరో తెలుసుకోవాలి కదా. ముద్ర వేయడానికైనా మనిషి ఉండాలి.

ఇక సిపాయి కూడా కానివాళ్ల సంగతి. మలయా రబ్బరు తోటల్లో అరవల పక్కనే మన తెలుగువాళ్లు తరాల తరబడి కూలి చేశారు. జపానువాళ్లు సయాం నుంచి బర్మాకు రైలుదారి వేయడానికి ఈ తోటల నుంచి కూలీలను లారీల్లో, రైలుపెట్టెల్లో కుక్కి తీసుకుపోయారు. 415 కిలోమీటర్ల దారి, 1942 నడిమి నుంచి 1943 అక్టోబరు దాకా. అక్కడ చనిపోయిన యుద్ధఖైదీలు 12 వేలకు పైగా. చనిపోయిన ఆసియా కూలీలు 90 వేల దాకా అని అంచనా. కాంచనబురిలో యుద్ధఖైదీల శ్మశానం చూసినవాళ్లు చెప్తారు, పచ్చటి గడ్డి, వరసగా పలకలు, పలక పలకకూ పేరు, 6,900కు పైగా సమాధులు. ఆ పక్కనే కలరాతో చచ్చి గుంటల్లో పడిన కూలీకి పలక లేదు, పేరు లేదు, లెక్క కూడా అంచనాయే. ఖైదీకి సైన్యం ఉంది, సైన్యానికి జాబితా ఉంది. కూలీకి ఎవరున్నారు? ఒక మేస్త్రీ ఉన్నాడు. వాడి దగ్గరున్నది బాకీల చిట్టా.

తమిళులు ఊరుకోలేదు. ఈ మధ్యనే కాంచనబురిలో ఆ కూలీల పేరిట నడుకల్ నిలబెట్టారు. నడుకల్ అంటే వాళ్ల భాషలో వీరగల్లు. వాళ్లు తమ పాత ఆచారాన్ని తవ్వి తీసుకుపోయి, తమవాళ్లు పోయిన చోట నాటి వచ్చారు. మలేసియా తెలుగు సంఘం 1955 నుంచి భాషను బతికించుకుంటూ వస్తోంది. తోటల్లో చావకుండా మిగిలినవాళ్ల బిడ్డలు, మనమలు వాళ్లు. వాళ్లను ఉగాదికి వేదికెక్కించి శాలువాలు కప్పి తెలుగు వెలుగు అని పొగుడుతాం. మీ తాతలు ఎట్లా పోయారు అని అడగం.

వీరగల్లు మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి చెప్తాను. ఈ విషయంలో ఇంకెవరికి చెప్పే అవకాశం ఉన్నా లేకపోయినా మా రేనాటివాళ్లకు ఉంది. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతంలో ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడు వేయించిన శాసనాన్ని తొలి తెలుగు శాసనమని చెప్పుకుంటాం. ఆ రాజుల పేర్లు చెప్పి మీసం తిప్పుతాం. ఆ రాజుల రాళ్లతో పాటు ఇంకో రకం రాళ్లు మా పక్క ఊరూరా ఉన్నాయి. చెరువు కట్టల కింద, పొలం గట్ల మీద, ఊరి గవిని దగ్గర. ఒక మనిషి, చేతిలో కత్తో విల్లో, కింద నాలుగు వరసల రాత. ఫలానావాళ్లు ఊరి పశువులను తోలుకుపోతుంటే ఫలానావాడు అడ్డం పోయి పొడిచి పడినాడు. పడినవాడి పేరు ఉంటుంది. కొన్నిటి మీద వాడి ఇంటివాళ్లకు ఇచ్చిన మాన్యం సంగతి కూడా ఉంటుంది.

గమనించండి. వీరగల్లు గెలుపును చెప్పదు. ఆవులు తిరిగి వచ్చాయా లేదా అన్నది దానికి ముఖ్యం కాదు. ఎవడి పథకం, ఎవడి సైన్యం అన్నది ఒక ముక్కలో అయిపోతుంది. మిగిలిన రాయంతా పడినవాడిదే. పన్నెండు వందల ఏళ్ల కిందట, కాగితం లేదు, ఫోటో లేదు, జనాభా లెక్క లేదు, అప్పుడు నాలుగు ఆవుల కోసం చచ్చిన మనిషి పేరును ఉలితో చెక్కించింది ఒక పల్లె. ఇరవయ్యో శతాబ్దంలో టైపు మిషన్లు, రిజిస్టర్లు, రెజిమెంటు నంబర్లు, వేలిముద్రలు అన్నీ ఉండి, లక్షలమందిని ఓడలెక్కించిన సామ్రాజ్యం చివరికి రాతి మీద రాసుకున్నది పటాలం పేరు, తేదీ. ఆ సామ్రాజ్యాన్ని వెళ్లగొట్టి వచ్చిన మనం అది కూడా రాయలేదు. ఎవరు నాగరికులు?

మేము చిన్నప్పుడు ఆడుకున్న వీరగల్లు ఒకటి మా చెరువు కట్ట కింద ఉండేది. ఆడవాళ్లు దాని మీద గుడ్డలు ఉతికేవాళ్లు. ఎవరో శాసనాలు చదివే ఆయన వచ్చి సున్నం పూసి, పేరు చదివి రాసుకుని పోయాడు. ఆ మనిషి పేరు ఒక రోజంతా మా ఊళ్లో మారుమోగింది. మిలిటరీ తాత కూడా అక్కడికి వచ్చి రాయి ముందర కూర్చుని చాలాసేపు చూశాడు. “వీనికి రాసినారే” అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు అప్పుడు తెలియలేదు.

సినిమాలకు మా సీమ అంటే కత్తులు, బాంబులు, సుమోలు. సీమవాడు కత్తి పట్టాడని లోకమంతా చాటినారు. సీమవాడు పార పట్టి సముద్రాలు దాటాడని చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు. ఒక్క ‘కంచె’ ఉంది. 2015లో వచ్చిన ఆ సినిమా తెలుగు సిపాయిని రెండో ప్రపంచ యుద్ధంలో చూపించింది. మంచిదే. సాహిత్యం చేయాల్సిన పనిని సినిమా మొదలుపెట్టడం సినిమాకు గౌరవం, మనకు కాదు. ‘మిలిటరీ’ అనే మాట మా ఊళ్లలో ఈ రోజు మిగిలింది ఎక్కడో తెలుసా? మాంసం వండే హోటలు బోర్డు మీద. మిలిటరీ హోటల్. అంతే మన యుద్ధ చరిత్ర.

మా టౌన్లలో విగ్రహాలకు కరువు లేదు. ఏ కూడలి చూసినా ఒక నాయకుడు చెయ్యి ఎత్తి నిలబడి ఉంటాడు. ఆ పార్టీవాళ్లు ఒకటి పెడితే ఈ పార్టీవాళ్లు దానికంటే రెండు అడుగులు ఎత్తున ఇంకొకటి పెడతారు. నాయకులు మహానుభావులు కావచ్చు, నాకు తగువు లేదు. కానీ అన్ని విగ్రహాల మధ్య ఒక్క మామూలు మనిషి పేరు రాసిన ఒక్క రాయికి చోటు లేదంటే అది చోటు కరువు కాదు. ఇదే మా జిల్లా నుంచి ఈ రోజు వేలమంది కువైట్‌కు పోతున్నారు. కొందరు పెట్టెల్లో తిరిగొస్తున్నారు. పేపర్లో ఒక రోజు ‘కువైట్‌లో కడప వాసి మృతి’ అని వస్తుంది. వాసి. మళ్లీ పేరు లేదు. అలవాటు పాతదే.

క్లాంగ్ నుంచి రాత్రి మా ఊరికి ఫోన్ చేశాను. మా చిన్నాన్న కొడుకును అడిగాను, “ఒరే, మిలిటరీ తాత పేరేందిరా?” వాడు తడుముకున్నాడు. “మిలిటరీ తాతే కదన్నా.” వాళ్ల నాయనను అడిగించాను. ఆయన ఒక పేరు చెప్పినాడు. పక్కింటి ఆయన ఇంకో పేరు చెప్పినాడు. చివరికి మా పెద్దమ్మను అడిగాను. ఆమెకు ఎనభై దాటింది, మిలిటరీ తాత భార్యతో కలిసి కలుపుకు పోయిన మనిషి. “ఆమె మొగుని పేరు ఎప్పుడన్నా చెప్తాదా నాయనా? మా ఇంటాయన, మా ఇంటాయన అనేది. మేము మిలిటరీ మామ అంటాంటిమి. అంతే” అంది.

ఆయన ముసలితనంలో యుద్ధానికి పోయినవాళ్లకు ఏదో సాయం ఇస్తారని విని ఒక ఆఫీసు చుట్టూ తిరిగినాడు. సైన్యం వాళ్లిచ్చిన కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం మిద్దె ఉరిసిన ఏడాది పెట్టెలోనే నాని పిండైపోయింది. “నేను పోయింది అపద్దమా?” అని మా నాయన దగ్గర కూర్చుని అడిగినాడు. మా నాయన ఏం చెప్పినాడో నాకు గుర్తులేదు. ఆయన పోయినాక ఆ పెట్టె ఏమైందో ఎవరికీ తెలియదు. మేము ఆయన్ని చూసి నవ్విన నవ్వు మాత్రం నాకు బాగా గుర్తుంది.

అందుకే కొత్త స్మారకాలు కట్టమని నేను అడగను. గ్రానైటు గోపురాలు, తుపాకి బొమ్మలు, రిబ్బన్లు కత్తిరించే సభలు వద్దు. నేను అడిగేది చిన్నది. ప్రతి పంచాయతీ ఒక పుస్తకం తెరవాలి. ఈ ఊరి నుంచి యుద్ధానికి ఎవరు పోయారు, బర్మాకు, మలయాకు కూలికి ఎవరు పోయారు, ఎవరు తిరిగి రాలేదు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, తెలిస్తే పోయిన చోటు. ఆ కమిషన్ పట్టికల్లో మన జిల్లాల పేర్లున్న వరసలు ఏ కాలేజీ చరిత్ర శాఖ అయినా ఒక్క వేసవి సెలవుల్లో ఏరవచ్చు. మన సాహిత్య సంస్థలు ఏడాదికి ఇచ్చే అవార్డుల్లో ఒక్కటి తగ్గించుకుంటే ఆ ఖర్చు వెళ్తుంది. పుస్తకం నిండాక ఊరి గవిని దగ్గర ఒక బండ. మా పక్క బండలకేం తక్కువ? కడప బండలు దేశమంతా పోతున్నాయి, ఇళ్లకు నేలలవుతున్నాయి. ఒక్క బండ పేర్లు మోయలేదా?

ఇది చదివే మీలో చాలామంది రాసేవాళ్లు. దేశాలు దాటినవాళ్లు కూడా ఉన్నారు. మీరు ఈ ఏడాది ఇంటికి పోయినప్పుడు ఇంట్లో అందరికంటే పెద్దావిడ పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడగండి. మన ఊళ్లో మిలిటరీకి పోయినాయన ఉండేవాడు కదా, ఆయన పేరేంది? అడిగి అప్పుడే రాసుకోండి. రేపు అడుగుదామని అనుకోకండి. మా పెద్దమ్మ వయసు ఆడవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో ఉన్నారు.

మోరిబ్ ఒడ్డున పోటు వచ్చేదాకా కూర్చున్నాను. నీళ్లు నెమ్మదిగా వచ్చి బురదను కప్పేశాయి. పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్లకు ఆ రాయి ఏ చరిత్రా చెప్పదు, అది వాళ్ల తప్పు కాదు. అక్కడి రాయి మీద ఏం రాయాలో అక్కడివాళ్లు చూసుకుంటారు. మా ఊరి బండ మీద రాయాల్సింది మేము. మొదటి వరస ఖాళీగా పెట్టమని మా తమ్మునికి చెప్పినాను. పేరు ఇంకా వెతుకుతున్నాం.